రోడ్ సైకిల్ గ్రూప్‌సెట్ ఎంపిక: ఏ మెట్టు దాకా డబ్బు పెట్టాలి?

రోడ్ సైకిల్ కొనేవారు ఎక్కువగా తడబడేది గ్రూప్‌సెట్ దగ్గరే. బ్రేకు లివర్లు, వాటిలోనే ఇమిడి ఉండే గేరు షిఫ్టర్లు, ముందూ వెనకా చైనును పక్కకు జరిపే డీరెయిలర్లు, పెడళ్లు బిగించే క్రాంకు, చైను, వెనక చక్రం మీది పళ్ల చక్రాల గుత్తి అయిన క్యాసెట్, బ్రేకులు కలిపి ఒకే పేరుతో అమ్మే సరంజామాను గ్రూప్‌సెట్ అంటారు. ఒక్కొక్క కంపెనీ దీన్ని నాలుగు నుంచి ఆరు మెట్లలో అమ్ముతుంది. అడుగు మెట్టుకూ పై మెట్టుకూ మధ్య ధరలో ఎన్నో రెట్ల తేడా ఉంటుంది గాని నాణ్యత అదే లెక్కన పెరగదు. అన్ని మెట్ల దగ్గరా పెరిగేది ఒకే రకమైన నాణ్యత కూడా కాదు. కింది మెట్లలో అదనంగా పెట్టే డబ్బుకు మెరుగైన పనితనం దక్కుతుంది. పై మెట్లలో అదే డబ్బుకు దక్కేది కొన్ని వందల గ్రాముల తేలిక, కొంత నునుపు. ఈ రెండింటినీ వేరుచేసే గీత ఎక్కడ పడుతుందో చూడడమే ఈ వ్యాసం పని.

షిమానో వరసలో క్లారిస్ 8 గేర్లతో (అంటే క్యాసెట్‌లో 8 పళ్ల చక్రాలతో), సోరా 9తో, టియాగ్రా 10తో వస్తాయి. వాటి పైన ఉన్న 105, అల్టెగ్రా, డ్యూరా-ఏస్ మూడూ కొత్త తరంలో 12 గేర్లవే. స్రామ్ వరసలో అపెక్స్, రైవల్, ఫోర్స్, రెడ్ అనేవి కింది నుంచి పైకి నాలుగు మెట్లు. 1933లో మొదలైన ఇటలీ కంపెనీ కాంపాన్యోలో ఎక్కువగా ఖరీదైన శ్రేణి మీదే దృష్టి పెట్టింది కనుక ధరకూ నాణ్యతకూ పొత్తు కుదర్చాలనే చర్చలో దానికి చోటు తక్కువ. మైక్రోషిఫ్ట్, సెన్సా, ఎల్‌ట్వూ వంటి కంపెనీల సెట్లు చవకగా దొరుకుతాయి, పని కూడా చేస్తాయి. అయితే ఒక లివర్ చెడిపోయినప్పుడు అదే రకం విడిభాగం దగ్గరలో దొరుకుతుందా అన్నది వాటి విషయంలో ముందే తేల్చుకోవలసిన ప్రశ్న.

మెట్ల మధ్య తేడా నానాటికీ తగ్గుతూ రావడానికి ఒక కారణం ఉంది. పై మెట్టు కోసం రూపొందించిన పరిజ్ఞానం కొద్ది కాలానికే కిందికి దిగుతుంది. 11 గేర్ల పద్ధతి డ్యూరా-ఏస్‌లో 2012లో, అల్టెగ్రాలో 2013లో, 105లో 2014లో వచ్చింది. 2009లో డ్యూరా-ఏస్‌తో మొదలైన షిమానో ఎలక్ట్రానిక్ గేర్ల వ్యవస్థ డీఐ2 విషయంలో ఈ ప్రయాణం మొదట నెమ్మదిగా సాగినా, 2021లో డ్యూరా-ఏస్, అల్టెగ్రాలకు వచ్చిన 12 గేర్ల డీఐ2 మరుసటి ఏడాదే, అంటే 2022లోనే, 105కు చేరింది. 2023లో అదే 105 కేబుల్‌తో నడిచే 12 గేర్ల రూపంలోనూ వచ్చింది. ఈ తరంలో అల్టెగ్రా, డ్యూరా-ఏస్ ఎలక్ట్రానిక్‌గా మాత్రమే దొరుకుతాయి కాబట్టి, కేబుల్ గేర్లు కావాలనుకునేవారికి షిమానో 12 గేర్ల వరసలో 105 మధ్య మెట్టు కాదు, అదే చివరి మెట్టు.

గేర్ల సంఖ్యను బట్టి సెట్టును అంచనా వేయడం చాలామంది చేసే పని. నిజానికి ముందు చూడవలసింది గేర్ల వ్యాప్తిని, అంటే అన్నిటికన్నా తేలికైన గేరుకూ బరువైన గేరుకూ మధ్య దూరాన్ని. ముందు 50, 34 పళ్ల చైన్‌రింగులు (క్రాంకుకు ఉండే పళ్ల చక్రాలు), వెనక 11 నుంచి 34 పళ్ల క్యాసెట్ ఉన్నప్పుడు తేలిక గేరులో పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం కూడా సరిగ్గా ఒక చుట్టు తిరుగుతుంది. బరువు గేరులో సుమారు నాలుగున్నర చుట్లు తిరుగుతుంది. ఈ వ్యాప్తి 9 గేర్ల సోరాతోనూ వస్తుంది, 12 గేర్ల 105తోనూ వస్తుంది. అంటే నిటారు ఎత్తు ఎక్కే సామర్థ్యంలోగాని, పల్లంలో తొక్కగలిగే గరిష్ఠ వేగంలోగాని ఈ రెండింటికీ తేడా లేదు. మారేది ఆ రెండు కొసల మధ్య ఉండే మెట్ల ఎడం మాత్రమే.

ఆ ఎడం ఎక్కడ మారుతుందో పళ్ల లెక్క చూస్తే స్పష్టమవుతుంది. 9 గేర్ల 11–34 క్యాసెట్‌లో 11, 13, 15, 17, 20, 23, 26, 30, 34 పళ్ల చక్రాలు ఉంటాయి. 10 గేర్ల దానిలో 11, 13, 15, 17, 19, 21, 23, 26, 30, 34. 12 గేర్ల 105లో 11, 12, 13, 14, 15, 17, 19, 21, 24, 27, 30, 34. చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు అనుకుంటే, 50 పళ్ల చైన్‌రింగ్, 15 పళ్ల వెనక చక్రంతో పెడల్‌ను నిమిషానికి 90 చుట్లు తిప్పినప్పుడు వేగం గంటకు దాదాపు 38 కిలోమీటర్లు. అంతకు లోబడిన వేగాల్లో వాడే చక్రాలను, అంటే 15 నుంచి 34 దాకా ఉన్నవాటిని లెక్కిస్తే, 9 గేర్ల క్యాసెట్‌లో ఏడు, 10 గేర్ల దానిలో ఎనిమిది, 12 గేర్ల దానిలోనూ ఎనిమిదే ఉన్నాయి. 12 గేర్ల సెట్టులో అదనంగా వచ్చిన 12, 14 పళ్ల చక్రాలు గంటకు 38 కిలోమీటర్లు దాటి తొక్కేవారికి, గుంపులో వేగంగా సాగేవారికి, పందేల్లో పాల్గొనేవారికి ఎంతో ఉపయోగం. వారాంతంలో గంటకు 25–30 కిలోమీటర్ల వేగంతో దూర ప్రయాణం చేసేవారు ఆ రెండు చక్రాల మీదకు చైనును తీసుకువెళ్లే సందర్భాలు చాలా తక్కువ. గేర్ల సంఖ్య పెరిగితే అన్ని వేగాల్లోనూ సౌకర్యం పెరుగుతుందని నమ్మి డబ్బు పెట్టేవారు ఈ లెక్కను ఒకసారి చూసుకోవాలి.

దీనికి భిన్నంగా, తేలిక గేరు ఎంత తేలికగా ఉందన్నది దాదాపు ప్రతి ఒక్కరికీ అనుభవంలోకి వచ్చే విషయం. మనిషి, సైకిల్ కలిపి 80 కిలోలు ఉండి, 8 శాతం వాలున్న ఎత్తును పెడల్ నిమిషానికి 60 చుట్ల చొప్పున తిప్పుతూ ఎక్కుతున్నారనుకుందాం. ముందు 34, వెనక 34 పళ్లు ఉంటే వేగం గంటకు ఏడున్నర కిలోమీటర్లు, అందుకు సుమారు 140 వాట్ల శక్తి చాలు. వెనక 28 పళ్లే ఉంటే అదే తిప్పుడుకు వేగం గంటకు తొమ్మిది కిలోమీటర్లు దాటుతుంది, అవసరమయ్యే శక్తి 170 వాట్లకు పెరుగుతుంది. 170 వాట్లు ఎక్కువసేపు నిలపలేనివారు తిప్పుడు వేగం తగ్గించుకుని, మోకాళ్ల మీద భారం వేసి తొక్కవలసి వస్తుంది. అందువల్ల 11–28 క్యాసెట్‌తో వచ్చే ఖరీదైన సెట్టు కంటే 11–34తో వచ్చే చవక సెట్టు కొండదారుల్లో మంచి సెట్టు. 105 కొత్త తరంలో 11–36 క్యాసెట్ కూడా ఉంది. స్రామ్ రైవల్‌లో 46, 33 చైన్‌రింగులకు 10–36 క్యాసెట్ జోడిస్తే తేలిక గేరులో చక్రం పెడల్ చుట్టుకు 0.92 వంతే తిరుగుతుంది. పోటీల స్థాయి వేగం లేనివారికి ఈ వ్యాప్తి ఎంతో మేలు చేస్తుంది. ఇది పై మెట్ల సొత్తు కాకపోవడం కొనేవారి అదృష్టం.

బ్రేకుల దగ్గర మాత్రం డబ్బుకు తగిన ఫలితం స్పష్టంగా కనిపిస్తుంది. కింది మెట్లయిన క్లారిస్, సోరాలతో వచ్చే సైకిళ్లకు చక్రపు అంచును నొక్కే రిమ్ బ్రేకులుగాని, కేబుల్‌తో లాగే డిస్క్ బ్రేకులుగాని ఉంటాయి. నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు షిమానో సంప్రదాయ వరసలో టియాగ్రా నుంచి మొదలవుతాయి. కేబుల్ డిస్క్ బ్రేకుల్లో చాలావాటికి ఒక ప్యాడ్ మాత్రమే కదిలి డిస్కును రెండో ప్యాడ్ మీదికి నొక్కుతుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ చేతితో సర్దుతూ ఉండాలి. కేబుల్ గొట్టంలో మురికి చేరితే లివర్ బిగుసుకుంటుంది. హైడ్రాలిక్ బ్రేకులో రెండు వైపులా పిస్టన్లు సమానంగా కదులుతాయి, ప్యాడ్ అరిగిన మేరకు అవే ముందుకు జరుగుతాయి, చిన్న చేతులున్నవారు కూడా ఒకటి రెండు వేళ్లతో పొడవైన దిగుడులో పట్టు నిలపగలుగుతారు. తడి రోడ్డు మీద ఈ తేడా ప్రాణరక్షణకు సంబంధించినది. డిస్క్ సైకిల్ కొనేటప్పుడు ఏదో ఒక్క అంశానికే అదనంగా ఖర్చుపెట్టే వీలుంటే అది హైడ్రాలిక్ బ్రేకులకే దక్కాలి. రిమ్ బ్రేకుల సంగతి వేరు: మంచి ప్యాడ్లు, అల్యూమినియం రిమ్ములు ఉంటే పొడి వాతావరణంలో అవి చవకైన, తేలికైన, ఎవరైనా బాగుచేసుకోగల సాధనాలు. అయితే కొత్త మోడళ్లలో అవి అరుదైపోతున్నాయి.

ఇప్పుడు బరువు. 105 డీఐ2కూ అల్టెగ్రా డీఐ2కూ మధ్య తేడా సుమారు 300 గ్రాములు; అల్టెగ్రాకూ డ్యూరా-ఏస్‌కూ మధ్య కూడా దాదాపు అంతే. మొత్తం బరువు 80 కిలోలైతే 300 గ్రాములు అందులో అర శాతం కూడా కాదు. బరువు ప్రభావం పూర్తిగా పడే నిటారు ఎత్తులో, గంటసేపు ఆగకుండా ఎక్కినా, ఆ తేడా వల్ల మిగిలేది సుమారు పదమూడు సెకన్లే. చదునైన దారిలో అయితే గుర్తించలేనంత తక్కువ. పందెంలో పదమూడు సెకన్లు గెలుపోటములను తేల్చగలవు; పైగా అక్కడ పాల్గొనేవారి సైకిళ్లు అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం నిర్ణయించిన 6.8 కిలోల కనీస బరువుకు దగ్గరగా ఉండాలనే లక్ష్యంతో కూర్చినవి. మిగిలినవారికి అదే డబ్బుతో మంచి టైర్లు, తేలికైన చక్రాలు కొనుక్కోవడం వల్ల కలిగే లాభం ఇంతకు ఎన్నో రెట్లు. ముఖ్యంగా టైర్ల దొర్లుడు నిరోధం ఒక రకానికీ మరో రకానికీ ఎంతో మారుతుంది, దాని ప్రభావం ఎత్తుపల్లాలతో నిమిత్తం లేకుండా ప్రతి కిలోమీటరులోనూ ఉంటుంది.

ఖరీదు ఎక్కువైతే మన్నిక ఎక్కువ అనే భావన కూడా సరికాదు. పై మెట్లలో బరువు తగ్గించడం కోసం ఉక్కు స్థానంలో టైటానియం, అల్యూమినియం, కార్బన్ ఫైబర్ వాడతారు. డ్యూరా-ఏస్ క్యాసెట్‌లోని పెద్ద చక్రాలు టైటానియంవి. అవి తేలిక, కాని అరుగుదలను ఉక్కు తట్టుకున్నంతగా తట్టుకోవు. క్రాంకుల విషయంలో ఇంతకంటే గట్టి ఉదాహరణ ఉంది. రెండు పొరలను జిగురుతో అతికించి చేసిన అల్టెగ్రా, డ్యూరా-ఏస్ 11 గేర్ల క్రాంకులు కొన్ని అతుకు విడిపోయి విరిగే ప్రమాదం ఉందని, 2019 జూలైకి ముందు తయారైనవాటన్నిటికీ తనిఖీ చేస్తామని షిమానో 2023 సెప్టెంబరులో ప్రకటించింది. ఒక్క అమెరికాలోనే దాదాపు 6,80,000 క్రాంకులు ఆ పరిధిలోకి వచ్చాయి. ఆ జాబితాలో 105 క్రాంకు లేదు. దీన్నిబట్టి పై మెట్టు సెట్లు లోపభూయిష్టమని అనడం అన్యాయమే అవుతుంది. తేలికదనం కోసం చేసే నిర్మాణానికి తనవైన బలహీనతలు ఉంటాయన్నంతవరకు మాత్రం చెప్పవచ్చు. రోజూ తొక్కే సైకిల్‌కు ఉక్కు పళ్లు, గట్టి అల్యూమినియం క్రాంకు ఉన్న మధ్య మెట్టే నమ్మదగినది.

ఎలక్ట్రానిక్ గేర్ల మీద అభిప్రాయాలు తీవ్రంగా ఉంటాయి, రెండు వైపులా కొంత న్యాయం ఉంది. మోటారు చైనును ప్రతిసారీ ఒకే కొలతలో జరుపుతుంది. కేబుల్ సాగడం, మురికి పట్టడం అనే సమస్యలు ఉండవు. ఎక్కువ దూరం తొక్కి వేళ్లు అలిసిపోయినా బటన్ నొక్కడం కష్టం కాదు. కేబుళ్లను హ్యాండిల్‌బార్‌లోంచి, ముందు బేరింగ్‌లోంచి ఫ్రేమ్ లోపలికి పంపే కొత్త సైకిళ్లలో ఈ సౌలభ్యం మరీ ఎక్కువ, ఎందుకంటే అలాంటి ఫ్రేములో కేబుల్ మలుపులు ఎక్కువై గేరు బిరుసుగా పడుతుంది, కేబుల్ మార్చడం పెద్ద పని అవుతుంది. మరోవైపు, కుడి పక్కకు పడినప్పుడు మొదట నేలకు తగిలేది వెనక డీరెయిలర్. కేబుల్ డీరెయిలర్ విరిగితే వచ్చే ఖర్చుకూ మోటారు ఉన్నది విరిగితే వచ్చే ఖర్చుకూ పోలిక లేదు. షిమానో పద్ధతిలో సీటు గొట్టంలో ఉండే ఒకే బ్యాటరీ రెండు డీరెయిలర్లకూ తీగలతో శక్తినిస్తుంది. స్రామ్ పద్ధతిలో ప్రతి డీరెయిలర్‌కూ విడదీయగల సొంత బ్యాటరీ ఉంటుంది. రెండో పద్ధతిలో బిగింపు సులువు, ఒకటి అయిపోతే రెండోదాన్ని వెనక డీరెయిలర్‌కు మార్చి ఇంటికి చేరవచ్చు. 105 డీఐ2 లివర్లలో పై సెట్లలో ఉండే అదనపు బటన్, దూరపు స్విచ్చులు తగిలించే అమరిక ఉండవు. గేరు మారే తీరు, బ్రేకు పట్టు మాత్రం అల్టెగ్రాకు అతి దగ్గర. ఎలక్ట్రానిక్ కావాలని నిర్ణయించుకున్నవారికి 105 గాని, రైవల్ గాని చాలు. అంతకు మించి ఖర్చుపెట్టడానికి పనితనం కారణం కాజాలదు. కేబుళ్లు ఫ్రేమ్ బయట గాని, తక్కువ మలుపులతో గాని సాగే సైకిల్ ఉండి, ఏడాదికోసారి లోపలి తీగలు మార్పించుకునే ఓపిక ఉన్నవారికి మంచి కేబుల్ సెట్టు ఏ విధంగానూ తక్కువ కాదు.

కొన్న రోజు చెల్లించే ధరతో లెక్క ముగియదు. చైను, క్యాసెట్, చైన్‌రింగులు, బ్రేకు ప్యాడ్లు అరిగే భాగాలు. గేర్ల సంఖ్య పెరిగేకొద్దీ చైను సన్నబడుతుంది: 8 గేర్ల చైను బయటి వెడల్పు 7 మిల్లీమీటర్లకు పైగా ఉంటే, 11 గేర్లది దాదాపు ఐదున్నర, 12 గేర్లది ఇంకా తక్కువ. లంకెల మధ్య దూరం మాత్రం అన్నిటికీ అర అంగుళమే. 8, 9, 10 గేర్ల చైన్లను 0.75 శాతం సాగేవరకు వాడవచ్చు. 11, 12 గేర్లవాటిని 0.5 శాతం దగ్గరే మార్చడం క్షేమం, లేకపోతే సాగిన చైను క్యాసెట్ పళ్లను తినేస్తుంది. క్యాసెట్ ధర చైను ధరకు కొన్ని రెట్లు ఉంటుంది కనుక సకాలంలో చైను మార్చి, ఒక క్యాసెట్ మీద రెండు మూడు చైన్లు నడిపించడం అన్నిటికన్నా పెద్ద పొదుపు. వేల కిలోమీటర్లు తొక్కేవారు ఈ భాగాల ధరను మెట్టు మెట్టుకూ పోల్చి చూస్తే, ఏ సెట్టు తమ స్తోమతకు తగినదో కొనుగోలు ధర కంటే స్పష్టంగా తెలుస్తుంది. ఒకే తరం, ఒకే గేర్ల సంఖ్య ఉన్నంతవరకు పై సెట్టు మీద కింది సెట్టు క్యాసెట్, చైను చక్కగా నడుస్తాయి కాబట్టి అల్టెగ్రా సైకిల్ ఉన్నవారు కూడా అరిగే భాగాలను 105లో కొనుక్కోవచ్చు. అరుగుదలనే దృష్టిలో పెట్టుకుని షిమానో 2023లో క్యూస్ అనే కొత్త వరసను తెచ్చింది. దాని క్యాసెట్లు పాతవాటికి మూడు రెట్లు మన్నుతాయని కంపెనీ మాట. 2025లో వంపు హ్యాండిల్ సైకిళ్లకూ అది విస్తరించింది. వేగం కంటే మన్నిక ముఖ్యమనుకునేవారు దాన్ని గమనించాలి. అయితే దాని భాగాలు పాత వరసతో కలవవు.

ఈ కలవకపోవడం దగ్గరే చాలామంది డబ్బు వృథా అవుతుంది. లివర్ ఒక క్లిక్కుకు లాగే కేబుల్ పొడవు, డీరెయిలర్ దానికి స్పందించి కదిలే దూరం ఒకదానికొకటి సరిపడాలి. టియాగ్రా 4700 పది గేర్లదే అయినా దాని లాగుడు కొలత 11 గేర్ల సెట్లకు దగ్గరది. అంతకు ముందు తరం 10 గేర్ల డీరెయిలర్లతో అది పనిచేయదు. రోడ్ సైకిళ్ల 11 గేర్ల క్యాసెట్‌కు పాత 8, 9, 10 గేర్ల హబ్‌ల (క్యాసెట్‌ను తొడిగే చక్రపు నడిమి భాగాల) కంటే 1.85 మిల్లీమీటర్లు వెడల్పైన హబ్ కావాలి. 10 పళ్ల చక్రం ఉన్న స్రామ్ క్యాసెట్లకు వాటికే ప్రత్యేకించిన హబ్ తప్పనిసరి, అంటే కొన్నిసార్లు చక్రాలు కూడా మార్చుకోవాలి. చవక సైకిల్ కొని తర్వాత గ్రూప్‌సెట్ మార్చుకుందామనే ఆలోచన ఈ కారణాల వల్లే సాధారణంగా నష్టం. విడిగా కొన్న సెట్టు ధర, బిగింపు కూలి, అనుకోకుండా తోడయ్యే హబ్, కేబుళ్ల ఖర్చు కలిపితే, మొదటే ఒక మెట్టు పై సైకిల్ కొన్నప్పుడు పడే తేడా కంటే ఎక్కువవుతుంది. మార్చే ఆలోచన ఉన్నవారు దాన్ని కొనే రోజునే తీర్మానించుకోవాలి.

అమ్మకపు ఫలకం మీద 105 అని రాసి ఉన్న సైకిల్‌లో అన్ని భాగాలూ 105వే అయి ఉండనక్కరలేదు. లివర్లు, వెనక డీరెయిలర్ ఆ పేరువి ఉంచి, క్రాంకు, క్యాసెట్, చైను, ప్యాడ్లను నొక్కే బ్రేకు కాలిపర్లను పేరులేని రకాల్లో పెట్టడం తయారీదారులకు అలవాటు. వీటిలో క్యాసెట్, చైను చవకవి కావడం వల్ల పెద్ద నష్టం లేదు. ఎలాగూ అరిగేవే, తర్వాత మంచివి వేసుకోవచ్చు. క్రాంకు చవకదైతే బరువు పెరుగుతుంది, చైన్‌రింగుల మధ్య మార్పు కాస్త మందగిస్తుంది, అదీ భరించదగినదే. బ్రేకుల్లో కోత పెట్టి ఉంటే మాత్రం ఆ సైకిల్‌ను పక్కన పెట్టాలి. కేబుల్ డిస్క్ బ్రేకులున్న 105 సైకిల్ కంటే హైడ్రాలిక్ బ్రేకులున్న టియాగ్రా సైకిల్ మేలు.

వాడిన సైకిళ్ల మార్కెట్లో 11 గేర్ల అల్టెగ్రా, 105 సెట్లు ఇప్పుడు విరివిగా కనిపిస్తాయి. కేబుల్‌తో నడిచే అల్టెగ్రా ఆర్8000, 105 ఆర్7000 తమ కాలపు సెట్లలో ఎంతో పరిణతి చెందినవి. కొనే ముందు చైను సాగుడును కొలిచి చూడాలి, సాగి ఉంటే క్యాసెట్ ఖర్చును కూడా ధరలో తగ్గించమని అడగాలి. కుడి లివర్‌లో గేరు తీగ తల దగ్గర పోగులు విడిపోయి ఉన్నాయేమో విప్పించి చూడాలి, ఎందుకంటే అక్కడ తెగిన తీగ ముక్కలు లోపలి యంత్రాంగంలో ఇరుక్కుంటే లివర్‌నే మార్చవలసి రావచ్చు. అల్టెగ్రా లేదా డ్యూరా-ఏస్ క్రాంకు అయితే దాని లోపలి వైపు చెక్కిన రెండక్షరాల తయారీ సంకేతాన్ని తనిఖీ జాబితాతో పోల్చి, అధీకృత దుకాణంలో పరీక్ష జరిగిందో లేదో రుజువు అడగాలి. రుజువు చూపలేకపోతే బేరం కుదుర్చుకునే ముందే ఆ పరీక్ష చేయించాలి.